చెయ్యివ్వని మనిషి

క్షవరం అయ్యాక కుర్చీలోంచి లేవడానికి ఎవరైనా చెయ్యి చాపితే అతను చెయ్యి ఇవ్వడు. భుజం మీది తువ్వాలు తీసి, కొస వాళ్ల చేతిలో పెడతాడు. రెండో కొస తాను పట్టుకుని, ఒక కాలు వెనక్కి వేసి, నడుము వంచి లాగుతాడు. ముసలివాళ్లు లేస్తారు. కుర్రవాళ్లు నవ్వుతారు. కరచాలనానికి చాపిన చేతికీ తువ్వాలు కొసే.

సెలూన్ ఒకే గది. రెండు కుర్చీలు, గోడంతా అద్దం. రెండో కుర్చీ అతని అన్నయ్యది. ఇప్పుడు అందులో ఉతికిన తువ్వాళ్లు ఉంటాయి. వెనక తలుపు తీస్తే కాలువ. రెండు వైపులా సిమెంటు వాలు. నడిచి దిగవచ్చని అనిపిస్తుంది. నీటి అంచున పాచి పట్టి ఉంటుంది. అక్కడ కాలు పెట్టినవాడు జారతాడు. జారినవాడు ఎక్కలేడు. పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

వచ్చినవాడి గడ్డానికి సబ్బు పూసి, నోరు మెదపలేని స్థితికి తెచ్చాక అతను మొదలుపెడతాడు.

"మునిగేవాడు అరవడు. అరవాలంటే ఊపిరుండాలి కదా. తల వెనక్కి వాల్చి, నోరు నీళ్ల అంచున పెట్టి, నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులాడిస్తాడు. మనం ఒడ్డున నిలబడి, ఆడుకుంటున్నాడులే అనుకుంటాం."

"నీ దగ్గరికొస్తే తలకో క్షవరం, చెవులకో క్షవరం," అన్నాడు సైకిళ్లు బాగుచేసే అతను.

"చెవులది ఉచితం బావా. కదలకు, కత్తుంది."

"కత్తుంది కాబట్టే వింటున్నా."

చెప్పేది ఎప్పుడూ ఒకటే. ముందు నలుగురినీ కేకెయ్యి. గుడ్డ, కర్ర, తాడు, ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది అందించు. నిలబడి అందించకు, బోర్లా పడుకో. నీళ్లలోకి దిగకు. చెయ్యి మాత్రం ఇవ్వకు. మునిగేవాడికి అది చెయ్యి కాదు, ఎక్కాల్సిన మెట్టు.

వీధిలో అతనికి ఒక పేరుంది. చెయ్యిచ్చినాయన. ఎదురుగా ఎవరూ అనరు. ఆ మాటకు రెండు అర్థాలు. ఆదుకోవడం ఒకటి, నట్టేట వదిలేయడం ఒకటి. మొదటిది చేయనందుకు రెండోది అతని మీద పడింది.

చాలా ఏళ్ల కిందటి సంగతి. తువ్వాళ్లు జాడిస్తూ అన్న జారాడు. అన్న భారీ మనిషి. ఇద్దరికీ ఈత రాదు. తమ్ముడు ఒడ్డున నిలబడి ఒక్క క్షణం చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి పరిగెత్తాడు. పక్కన లాండ్రీ పెరట్లో ఉన్న వదిన ఆ పరుగు చూసింది. అతను తిరిగి వచ్చేసరికి నీళ్లు మామూలుగా ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. లాండ్రీ ఆమెదే. లాడ్జీల దుప్పట్లు, ఆసుపత్రి పరదాలు అక్కడికొస్తాయి. పనిచేసేవాళ్లందరూ ఆడవాళ్లే. రోజూ ఆ వాలు మీదే నిలబడి జాడిస్తారు.

ఈ వానల్లో దిగువ వీధిలో అక్క జారితే చెల్లెలు చెయ్యిచ్చింది. ఇద్దరినీ తూము దగ్గర బయటికి తీశారు.

సెలూన్‌కి ఆడవాళ్లు రారు. అతను చెప్పేదంతా ఇన్నేళ్లూ గడ్డాలే విన్నాయి. ఆ సాయంత్రం అతను దుకాణం మూసి లాండ్రీకి వెళ్లి గుమ్మం బయటే నిలబడ్డాడు. వదిన ఇస్త్రీ చేస్తున్న ఆవిడ వైపు చూసింది.

"ఏం కావాలో అడుగు."

"ఏం కావాలి బాబాయ్?" అంది ఇస్త్రీ ఆవిడ.

"మీ అందరికీ ఒక పూట నేర్పాలి. ఎవరైనా నీళ్లలో పడితే ఏం చెయ్యాలో."

"నేర్పాలంట అక్కా."

"వినబడింది. నాకు చెవుడు లేదు. పారిపోవడం నేర్పుతాడేమో అడుగు."

ఇస్త్రీ ఆవిడ పెట్టె నిలబెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇది నేనడగను అక్కా. మీరు మీరు చూసుకోండి."

అతను వెళ్లలేదు. "చెయ్యి ఇవ్వకూడదు వదినా. అది తెలిస్తే చాలు. ఆ చెల్లెలికి తెలియలేదు. రేపు మీ దగ్గర ఎవరో ఒకరు..."

"చెయ్యిస్తే ఏమవుతుందో నీకెలా తెలుసు? నువ్వు ఇచ్చి చూశావా?"

ఆ మాట నేరుగా అతనితోనే అంది. అని, గది మధ్యలో ఉన్న ఖాళీ తొట్టిలోకి దిగింది. దుప్పట్లు నానబెట్టే సిమెంటు తొట్టి అది. అంచు ఆమె నడుము దాకా వచ్చింది. చెయ్యి పైకి చాపింది.

"నేను నీళ్లలో ఉన్నాను. ఇయ్యి."

అతను తువ్వాలు కొస అందించాడు. ఆమె లాక్కుని పక్కన పడేసింది.

"చెయ్యి."

ఇచ్చాడు. ఆమె సన్నటి మనిషి, వయసు మీద పడింది. రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుని, కాళ్లు ఎత్తి, ఒంటి బరువంతా వేలాడేసింది. అతను తొట్టి అంచు మీదుగా తలకిందులుగా లోపలికి వచ్చిపడ్డాడు.

"అయ్యో, తల పగిలేది!" అంది ఇస్త్రీ ఆవిడ. "అక్కా, చంపడానికి దిగావా, నేర్చుకోవడానికి దిగావా?"

వదిన తొట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. కొంతసేపు ఊపిరి పీల్చుకుంది.

"ఆయన నాకు రెండింతలుండేవాడు," అంది.

అతను మోకాలు చూసుకున్నాడు. చర్మం లేచిపోయింది.

"పరిగెత్తింది మా దండెం దగ్గరికి. దుప్పటి పీకావు. దాంతో వెనక్కి పరిగెత్తావు. అదీ చూశాను."

అతను తలెత్తాడు.

"ఎవరికీ చెప్పలేదు," అందామె. "చెప్పాక ఇక ఎవర్ని తిట్టుకోవాలి? కాలువనా?"

ఇస్త్రీ ఆవిడ పెట్టె తీగ పీకేసింది. వదిన లేచి తొట్టి అంచు పట్టుకుంది. ఎవరి చెయ్యీ అడగకుండా బయటికి వచ్చింది.

"రేపు పొద్దున్నే అందరినీ ఒడ్డుకి రమ్మను," అంది ఇస్త్రీ ఆవిడతో. "జాడించడానికి కాదని చెప్పు. లేకపోతే సగం మంది రారు."

మర్నాడు ఉదయం అతను సెలూన్ తెరవలేదు. ఆడవాళ్లు ఒడ్డున వరసగా నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. అతను చెప్పులు విప్పి, సిమెంటు వాలు మీద బోర్లా పడుకున్నాడు. ఒకరు తన చీలమండలు పట్టుకోవాలని చెప్పాడు. ఎవరూ కదల్లేదు. వదిన వచ్చి వెనక కూర్చుని, రెండూ పట్టుకుంది.

"ఇంకా గట్టిగా వదినా," అన్నాడు. మోచేతులు నేలకు ఆనించి, నీళ్ల వైపు పాకాడు.