ఉప్పు పోయేదాకా

సోలాపూర్ దాజీ పేట్‌లో మా ఇల్లు రైలు డబ్బాలా పొడుగ్గా ఉంటుంది. వెనక పెరట్లో బావి, నడిమింట్లో సాంచెలు, ముందర గడప, గడప దాటితే గల్లీ మురుగు పారే మోరీ. సాంచెలంటే పవర్‌లూములు. ఇప్పుడవి లేవు. నా భార్య పోయిన తర్వాత పాత ఇనుము కింద అమ్మేశాను. తువ్వాళ్లు నేసి నేసి ఇద్దరం సగం చెవులు పోగొట్టుకున్నాం. ఇక ఆ చప్పుడు ఎవరి కోసం అనిపించింది.

మా బావి నీళ్లు ఖారా పానీ. సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్లగా సున్నం పడుతుంది, పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. మున్సిపాలిటీ నల్లా ఎప్పుడొస్తుందో దానికే తెలియదు, వచ్చిన నీళ్లు తాగడానికే సరిపోవు. ఈ ఊళ్లో మన పప్పులు ఉడకవే అని నేను వేళాకోళం చేస్తే ఆమె నవ్వేది కాదు. వండేది ఆమె కదా. చివరికి పట్టుబట్టి బావి దగ్గర మిషను పెట్టించింది. షాపువాళ్లు దాన్ని సాఫ్ట్‌నర్ అంటారు, మేము ఉప్పు మిషను అనేవాళ్లం. నిలువు డబ్బాలో సన్నని పూసలుంటాయి. నీళ్లలోని సున్నాన్ని అవి పట్టుకుంటాయి. అవి నిండిపోయి సబ్బు నురగ తగ్గిందంటే, పక్క డ్రమ్ములోని ఉప్పునీళ్లు లోపలికి వదిలి కడగాలి. ఆ తర్వాత మామూలు నీళ్లతో ఉప్పంతా పోయేదాకా జాడించాలి. జాడించిన నీళ్లు పైపులో నుంచి గల్లీ మోరీలో పడతాయి.

అది ఇద్దరు మనుషుల పని. మిషను పిడి గట్టిది, ఆమె చేతికి తిరిగేది కాదు. అందుకని నేను పెరట్లో పిడి దగ్గర, ఆమె ముందర మోరీ దగ్గర. మధ్యలో సాంచెలు నడుస్తుంటే గొంతు చించుకున్నా వినపడదు కనుక చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. మాకది కొత్త కాదు. పెళ్లైన కొత్తలో ఇద్దరం ఒకే కార్ఖానాలో పనిచేశాం, నేను సాంచెల మీద, ఆమె కండెలకు నూలు చుడుతూ. అక్కడ నోటితో పని లేదు. రెండు వేళ్లు విడదీస్తే పోగు తెగిందని, పిడికిలి తిప్పితే కండె తెమ్మని, వేళ్లు నోటి దగ్గర పెడితే తిందాం రమ్మని. కాపురం సగం అట్లానే గడిచింది. ఆ భాషలో పోట్లాడుకున్నాం కూడా, చేతులు నొప్పి పుట్టేదాకా.

మిషను కడిగే రోజు ఆమె మోరీ దగ్గర వంగి ఉండేది. చాలాసేపటికి లేచి, నా వైపు తిరిగి, వేళ్లు నోటి దగ్గర పెట్టి, ఆ తర్వాత బంద్ చెయ్యమని అరచెయ్యి ఊపేది. నేను పిడి మామూలు జాగాకు తిప్పి, కాళ్లు కడుక్కుని అన్నానికి వచ్చేవాణ్ని.

ఆమె పోయాక మొదటిసారి సబ్బు నురగ రానప్పుడు నేనొక్కణ్నే కడిగాను. పిడి తిప్పడం, నడిమిల్లు దాటి గల్లీకి నడవడం, చూడడం, మళ్లీ వెనక్కి నడవడం. మోరీలో నీళ్లు తేటగా పడుతున్నాయి. రంగు వేసిన నూలు జాడించిన చేతులు మావి. నీళ్లు తేటపడ్డాయంటే మాకు పని అయిపోయినట్టే. బంద్ చేశాను.

మర్నాటి నుంచి ఇంట్లో నీళ్లన్నీ ఉప్పు. అన్నం ఉప్పు, పప్పు నోట్లో పెట్టుకోలేం. షాపుకు ఫోన్ చేశాను. నాకు ఫోనంటే చెవిటివాడి ముందు శంఖమే. అవతల మరాఠీ అమ్మాయి, “మీఠ్ ఆహే కా?” అని అడిగింది. మరాఠీలో మీఠ్ అంటే ఉప్పు. డ్రమ్ములో ఉప్పు ఉందా అని ఆమె అడిగితే, నా చెవికి అది హిందీ మీఠా అయి తగిలింది. నీళ్లు తియ్యగా ఉన్నాయా అంటోంది కాబోలనుకుని, ఎక్కడిది తల్లీ, లేదు అన్నాను. అయితే ఉప్పు వేసి మళ్లీ కడగండి అంది. ఆ మాట మాత్రం శుభ్రంగా వినపడింది. చెప్పినట్టే బస్తా ఉప్పు కుమ్మరించి మళ్లీ కడిగాను, తేటపడగానే మళ్లీ ఆపాను. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది.

మా బిడ్డ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటుంది, ఇంట్లోనే బీడీలు చేస్తుంది. ఆదివారం నాకు అన్నం డబ్బా తెచ్చి, నా చేతి పప్పు ఒక ముద్ద రుచి చూసి ఊసేసింది.

“నాయిన, గిది తిని ఎట్ల బతుకుతవ్? తాళమేసి మా ఇంటికి రా.”

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయినా ఆ రోజు ఎదురు చెప్పలేకపోయాను. వండుకుని తినలేని ఇంట్లో ఉండి ఏం చేస్తాను? మెకానిక్ వచ్చి బాగు చెయ్యలేకపోతే వచ్చేస్తానని మాటిచ్చాను. వెళ్లాలని మాత్రం లేదు. అల్లుడు మంచివాడే. కానీ ఈ ఇంట్లో ఏ మూల చూసినా ఆమె అక్కడ ఎట్లా నిలబడేదో నాకు తెలుసు. దాన్ని వదిలి పోవాలంటే భయమేసింది.

మెకానిక్ తెలుగువాడే, నడివయసు మనిషి. మిషను పెట్టినప్పుడు వచ్చినవాడే. ఆమె పోయిన సంగతి చెప్పాను. తర్వాత పిడి విప్పి చూశాడు, డ్రమ్ము చూశాడు, పైపులు చూశాడు. ఎక్కడా లోపం కనపడలేదు. ఇక నా పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. చివరికి, నేను ఎట్లా కడుగుతున్నానో చెప్పమన్నాడు. చెప్పాను.

“తేటగయినయా అని చూస్తె ఎట్ల కాకా? ఉప్పునీళ్లు గూడ తేటగనే ఉంటయి,” అన్నాడు. “ధార కింద వేళ్లు పెట్టి నాలికకు రాసుకోవాలె. ఉప్పు పోయేదాక బంద్ చెయ్యొద్దు. మిషను పెట్టిననాడే కాకుకు నేనే చెప్పిన. ఆమె చూస్తుండె గదా.”

చూస్తుండె. కడిగిన ప్రతిసారీ నేను కళ్లారా చూశాను. వేళ్లు నోటి దగ్గర పెడితే తిందాం రమ్మంటోందనుకున్నాను. ఆమె ఉప్పు చూస్తోంది. నీళ్లు తాగొస్తానని లోపలికి వెళ్లి, గోడ వైపు తిరిగి ఏడ్చాను.

మిషను పెట్టిన కొత్తలో నేను వచ్చి పీట మీద కూర్చుంటే పొయ్యి మీద ఎసరు కూడా ఉండేది కాదు. పిలిచింది నువ్వే గదనే అని గునిసేవాణ్ని. ఆమె ఒకసారి నన్ను వింతగా చూసి, ఏదో అనబోయి, నవ్వేసింది. ఆ తర్వాత నుంచి మిషను కడిగే రోజున ముందే వండిపెట్టి మోరీ దగ్గరికి పోయేది. అంటే నా పొరపాటు ఆమెకు తెలిసిపోయింది. తెలిసీ దిద్దలేదు. ఎందుకు దిద్దలేదని ఇప్పుడు ఎవరిని అడగాలి?

మెకానిక్ వెళ్లాక ఉప్పునీళ్లు నిండిన పై ట్యాంకీ ఖాళీ చేసి, మిషను మళ్లీ జాడించాను. పెరటి నుంచి మోరీకి, మోరీ నుంచి పెరటికి. ధార కింద వేళ్లు పెట్టి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. కాసేపాగి మళ్లీ చూశాను. వాకిట్లో బీడీ ఆకు కత్తిరిస్తున్న ఎదురింటామె చేతిలో కత్తెర ఆగిపోయింది. మోరీ దగ్గర నీళ్లు తాగుతున్నాడు, ముసలాయనకు మతి పోయింది అనుకుని ఉంటుంది. అనుకోనీ. చాలాసేపటికి నాలికకు ఏ రుచీ తగల్లేదు.

ఆ పూట పప్పు మెత్తగా ఉడికింది. బిడ్డకు ఫోన్ చేసి, నీళ్లు బాగయ్యాయి, రానని చెప్పాను. అది ఏమందో సరిగా వినపడలేదు, తిట్టే ఉంటుంది. కంచంలో వడ్డించుకుని, గడప వైపు తిరిగి పీట మీద కూర్చున్నాను. అక్కడ పిలిచే చెయ్యి లేక నా చెయ్యి అన్నంలోకి పోలేదు. గల్లీలో ఎవరో సైకిల్ మీద వెళ్లారు. పప్పు చల్లారిపోయింది. అప్పుడు లేచి, ముందు తలుపు మూసి వచ్చి, తిన్నాను.