తెల్లాపూర్‌లో నేను నేను కాకుండా పోయిన సంగతి

నిన్న పట్టపగలు నేను లేకుండా పోయాను, నాయనా! చావలేదు. మీ ముందే చాయ్ తాగుతున్నాను కదా. అయినా లేను. ఎట్లా అంటారా? వినండి.

మల్లేశం నా దోస్తు. వయసులో ఉండగా ఇద్దరం ఈ కొండాపూర్ చుట్టూ ఉన్న గుట్టలు పగలగొట్టినవాళ్లం. ఇవాళ హైటెక్ సిటీలో ఇన్ని అద్దాల మేడలు లేచాయంటే ఎవరి పుణ్యం? సగం గుట్టలు నా సుత్తెను చూడగానే భయపడి, వాటంతట అవే పక్కకు జరిగాయి! ఇప్పుడు వాడు తెల్లాపూర్‌లో మనవరాలు స్వప్న ఫ్లాట్‌లో ఉంటున్నాడు. మతిమరుపు జబ్బు. ఆ పిల్లనే ఆస్పత్రి నర్సు అనుకుని "నర్సమ్మా" అని పిలుస్తాడు.

మొన్న స్వప్న ఫోన్ చేసింది. "రాజయ్య తాతా, పాతోళ్లు వచ్చి మాట్లాడితే మంచిదని డాక్టర్ అన్నడు. జర వస్తవా?"

"జరేంది బిడ్డా! ఐదు నిమిషాల్ల నన్ను పేరు పెట్టి పిలిపిస్త, చూడు!"

అన్నానే గానీ లోపల గుబులే. నా వయసుకాలం చూసినవాళ్లలో మిగిలింది వాడొక్కడు. వాడూ మరిచిపోతే, ఆ రాజయ్య అనేవాడు ఒకడు ఉండేవాడనడానికి ఇంకెవరు సాక్షి?

నిన్న వెళ్లాను. స్వప్న చాయ్ ఇస్తూ ఆఫీసు ముచ్చట పెట్టింది. మొహం చూసి తలుపు తీసే సాఫ్ట్‌వేర్ చేస్తారట. "నలభై ఏండ్ల కిందటి మనిషి, ఇప్పటి మనిషి ఒక్కడే అని ఎట్ల చెప్తం తాతా? బాడీ మొత్తం మారిపోతది. మనిషంటే మెమరీనే అని కొందరు ఫిలాసఫర్లు అంటరు."

"నా సుత్తెకు కట్టె ఐదుసార్లు మార్చిన, ఇనుము రెండుసార్లు మార్చిన. అయినా అది నా సుత్తెనే! నా మోకాళ్లు స్టీలువి, పండ్లు కట్టుడువి, కండ్లల్ల అద్దాలు దవాఖానల పెట్టినవి. ఐతేంది? రాజయ్య రాజయ్యనే!"

"మరి మా తాతకు మెమరీనే పోయింది. ఈయన మా తాతనేనా?" అంది. ఆ గొంతు వింటే చాయ్ చేదెక్కింది.

నేనిక ఊరుకుంటానా! సోఫాలో కూర్చుని కిటికీలోంచి చూస్తున్న మల్లేశం ముందుకెళ్లి నిలబడ్డాను. "మల్లిగా! నేనెవర్ని?"

"లిఫ్టు బాగయిందా, పెద్దమనిషీ?" అన్నాడు.

"అరే! గుట్టకు పెట్టిన తూటా పేలిన్నాడు నీ కాలు మీద పడ్డ బండను ఒంటిచేత్తో లేపిందెవరు?"

ఈ కథ కొండాపూర్‌లో వినని చెవి లేదు. మొదట్లో ఆ బండ మేకంత ఉండేది. ఈమధ్య ఆటో అంత అయింది. చేసి చూపిస్తే గుర్తొస్తుందని, వంగి టీపాయ్‌ని రెండు చేతులా పట్టుకుని గుట్ట మీది కేక వేశాను. మా పనిలో అదొక కట్టుబాటు. తూటా వత్తి ముట్టించినవాడు మూడుసార్లు కేకేసి, అందరూ దూరం జరిగారని చూసుకున్నాకే తాను పరుగెత్తాలి.

"ముట్టిచ్చిన్రో! జరుగుండ్రో!"

మల్లేశం తటాలున రెండు చేతులతో తల కప్పుకుని సోఫా పక్కన నక్కాడు! "రాజయ్య తాతా, ఆపు!" అని స్వప్న కేక. ఊపు మీదున్నాను, మిగతా రెండు కేకలూ వేసేశాను. టీపాయ్ అంగుళం కూడా లేవలేదు గానీ నా నడుము పట్టేసింది. దబ్బున నేల మీద కూలబడ్డాను.

మల్లేశం మెల్లగా తలెత్తాడు. కళ్లు తేటగా ఉన్నాయి. "గిట్ల అరవాలె. ఆ రాజిగాడు గిట్ల అరిచుంటే నా కాలు బాగుండు. వత్తి ముట్టిచ్చి, నోరు తెరవకుంట ఉరికిండు. బండ లేపింది నలుగురు కూలోళ్లు. వాడు రెండ్రోజులు కనబడనే లేదు."

స్వప్న నా వైపు చూసింది. చెప్పీ చెప్పీ ఆ బండ బరువు నా అరచేతులకే గుర్తుండిపోయింది, ఒట్టు! మతి ఉన్నవాడికి జరగనిది గుర్తుంది, మతి పోయినవాడికి జరిగింది గుర్తుంది.

"మల్లిగా," అన్నాను. "ఆ రాజిగాన్ని నేనేరా. తప్పయింది. మాఫ్ చెయ్యి."

వాడు నన్ను కిందికీ మీదికీ చూసి నవ్వాడు. "నువ్వా! వాడు కుందేలు లెక్క ఉరికిండు. నీకు లేవనే రాదు! వాన్ని నేను ఎప్పుడో మాఫ్ చేసిన. నువ్వేం చేసినవని నిన్ను మాఫ్ చెయ్యాలె?"

"నేనే రా!"

"కాదు పో."

ఇన్నేళ్లు అబద్ధం చెబితే ఊరంతా నమ్మింది. బతుకులో ఒక్కసారి నిజం చెబితే, నమ్మాల్సినవాడు నమ్మలేదు. పోనీ, రుజువు చూపిద్దామంటే ఆధార్ కార్డు ప్యాంటు వెనక జేబులోనే ఉంది. దాని మీదే కూలబడ్డాను, లేవలేను!