సుభద్రమ్మ అడిగి కాచుకున్న మధ్యాన్నం

మొన్న తలకాయ కూరకని కడగతా ఉంటే మేక కన్ను జారి నా అరచేతిలో పడింది. చల్లగా, తడిగా, నన్నే చూస్తా ఉన్నట్టు. "ఏమే, దాంతో మాట్లాడతా ఉండావా?" అని మా అత్త ఎగతాళి చేసింది. మాట్లాడతానే ఉండాను మరి. ఆ అలవాటు సుభద్రమ్మ దగ్గర వచ్చింది నాకు.

సుభద్రమ్మది దేవనహళ్ళి. కంట్లో పొర తీసే ఆపరేషన్ నేర్చుకునేదానికి బెంగళూరులో మా ఆసుపత్రికి వచ్చిన చిన్న డాక్టరమ్మ. నేను అక్కడే ఆయాను. చదివింది ఐదో క్లాసు, నోరు మాత్రం ఊరంత. ఏడాదిలో చెయ్యి కుదిరితేనే ఆమెకు కంటి డాక్టరని కాగితమిస్తారు. ఆమె వచ్చిన రెండో నెలకే ఎలకలు రాలేది మొదలైంది. ప్లేగు. బళేపేట జనం ఇండ్లకు బీగాలేసుకోని కె.ఆర్.పురం పక్క పొలాల్లో తడికెల షెడ్లు ఏసుకున్నారు. మా కంటి వార్డు ఖాలీ చేసి, నేర్చుకునే డాక్టర్లందర్నీ ప్లేగు వార్డుకు తోలినారు. "ఈ ఏడాది కండ్ల పని లేదమ్మా, గడ్డలు కొయ్యి" అన్నాడు పెద్ద డాక్టరు. ఆయనొక్కడే మిగిలిండె, తక్కినోళ్ళంతా తెల్లోళ్ళ యుద్ధానికి పోయిండ్రి.

"చేతులు మర్చిపోతాయి లచ్చీ" అనేది ఆమె. అందుకని రోజూ మధ్యాన్నం నేను కసాయి అంగడి నుంచి మేక కండ్లు తెచ్చేదాన్ని. ఖాలీ వార్డులో దిండ్ల మీద తలల గుంతలు ఇంకా అట్లే ఉండె. నేను రెండు వేళ్ళతో కన్ను పట్టుకుంటే, ఆమె కత్తి పట్టుకోని "కోయమంటావా?" అని ఆ కంటిని అడిగి, కొంచేపు ఆగేది.

"అది జవాబు చెప్తాదా డాక్టరమ్మా?"

"చెప్పేవాళ్ళు వచ్చినప్పుడు ఆగేది తెలియాల కదా. అలవాటు చేసుకుంటా ఉండాను."

నాకు నవ్వొచ్చేది. మంచాల పక్క నుంచి ఎవరో వింటా ఉన్నట్టుండి, ఆ నవ్వు గొంతులోనే ఉండిపోయేది.

ఒక మధ్యాన్నం ప్లేగు వార్డులో గాజులమ్మే తాత పోయినాడు. భయపడి సొంతోళ్ళెవరూ రాలేదు. రెండు కండ్లలోనూ ముదిరిన పొర, బియ్యం కడిగిన నీళ్ళ మాదిరి. ఆమె నెలల తరబడి కాచుకోని ఉండింది అట్లాంటి కండ్లకే. పీనుగుల బండి వచ్చేదాకా ఎందుకని అడిగేవాళ్ళు లేరు. ఆమె కత్తి తీసింది. నేను రెప్ప పైకెత్తి పట్టుకున్నాను.

"చేయమంటావా తాతా?" అని ఆగింది.

తాత ఏమంటాడో అని నేనూ చూస్తా ఉండాను, నిజంగా. నా వేలి కింద నుంచి రెప్ప మెల్లిగా దిగి మూసుకుపోయింది. నేను పట్టు వదల్లేదు. ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను.

"వద్దన్నాడు లచ్చీ" అని ఆమె కత్తిని గుడ్డలో చుట్టేసింది.

ప్లేగు పోయేసరికి ఆమె ఏడాదీ అయిపోయింది. కాగితం రాలేదు. జ్వరాల డాక్టరుగానే దేవనహళ్ళికి బయలుదేరింది. బస్సు దగ్గర నేను నోరు ఊరుకోక, "ఆ పొద్దు కోసింటే చెయ్యి వచ్చిండేది కదా" అన్నాను.

"వచ్చిండేది. ఆ చేతిని తర్వాత ఎవరి కంటి మీద పెట్టమంటావు?" అనింది.

కంటి వార్డు మళ్ళీ తెరిచినారు. నేను అక్కడే ఉండాను. ఎవరికి కట్టు విప్పాలన్నా ముందు అడుగుతాను, ఊఁ అనేదాకా చెయ్యి వెయ్యను. మొన్న ఆ మేక కంటినీ అడిగినాను. మా అత్త నవ్వతానే ఉండాది. పొయ్యి మీద ఎసరు మరిగిపోతా ఉండాది. అరచేతిలో అది నావైపే చూస్తా ఉంటే, నేను కాచుకోని ఉండాను.