మేస్త్రి ఎక్కలేని వేదిక

పతకం మేస్త్రి కుట్టు మిషను ముందు కూర్చుంటే కుడికాలు కట్టెలా చాచుకునే ఉంటుంది. యుద్ధంలో ఆ మోకాలు పోయింది, పతకం వచ్చింది. పతకంతో మిషను తొక్కలేం కనుక మోటారు పెట్టించుకున్నాడు. చిరిగిన కాలరు తిప్పి కుట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఏటా కాలనీ సంఘం ఆయనకు సన్మానం చేస్తుంది. వీరుడి స్థాయికి తగ్గట్టుండాలని సంఘం అధ్యక్షుడు ఏటికేడు వేదిక ఎత్తు పెంచుతూ వచ్చాడు. చివరికది వీరుడు ఎక్కలేనంత ఎత్తయింది. నలుగురం ఎత్తి కూర్చోబెడతామన్నారు గానీ, "నేనేమన్నా బీరువానా?" అని మేస్త్రి ఒప్పుకోలేదు. అప్పట్నుంచి పైన కుర్చీలో ఆయన ఫొటో, కింద వెనక వరసలో ఆయన. పొగడ్తలన్నీ ఫొటోకే. మనిషికంటే ఫొటో నయం, మధ్యలో అడ్డు చెప్పదు.

ఈసారి అడ్డు చెప్పి తీరాలనుకున్నాడు మేస్త్రి. చావబోతున్న స్నేహితుణ్ణి ఆయన భుజాన వేసుకుని కొండ దిగాడని అధ్యక్షుడు ఏటా చెబుతాడు. నిజానికి మోసుకుని దిగినవాడు ఆ స్నేహితుడే. మేస్త్రిని కిందికి దించి, తాను తూటాకు బలయ్యాడు. పతకం అంతకుముందు చేసిన పనికి వచ్చింది. ఈ కథ మాత్రం అధ్యక్షుడి సొంత కుట్టు. అబద్ధం మైకులో చెప్పారు కనుక నిజమూ మైకులోనే చెప్పాలని మేస్త్రి పట్టు. అందుకే ఆ స్నేహితుడి భార్యను పనిగట్టుకుని పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

సభకు ముందే అధ్యక్షుణ్ణి అడిగాడు. "మైకు ఒక్క నిమిషం కిందికి ఇప్పించండి."

"వైరు చాలదు మేస్త్రీ. అయినా మీ అంతవాళ్లు కింద నించుని మాట్లాడితే మాకు తలవంపులు కదా," అన్నాడు అధ్యక్షుడు, మేస్త్రే నడుం దగ్గర వదులుచేసి ఇచ్చిన కోటు సర్దుకుంటూ.

ఉపన్యాసం మొదలైంది. కొండ పోయినేటికంటే ఎత్తు పెరిగింది, తూటాలు వానయ్యాయి. భుజాన ఉన్నవాడు మాత్రం ఎప్పట్లాగే ఉత్త బరువు. ఆమె తల వంచుకుంది. మేస్త్రి ఇక ఆగలేక ఆమె వైపు వంగాడు. మైకులోనే చెప్పాలన్న పట్టు వదిలేశాడు.

"అబద్ధం చెల్లెమ్మా. నన్ను మోసింది మీ ఆయనే. నేను బతికున్నది ఆయన వల్లే."

బ్యాడ్జీ పెట్టుకున్న కార్యకర్త ఒకడు విసవిసా వచ్చాడు. "కాస్త మాటలాపుతారా పెద్దాయనా? అక్కడ వీరుడి గురించి చెబుతుంటేనూ."

ఆమె కళ్లు తుడుచుకుని, మేస్త్రి వైపు తిరిగింది.

"ఇదా మీరు అందరి ముందూ చెప్పాలనుకున్నది?"

"అవునమ్మా. ఆ మెట్లు ఎక్కలేకే."

"మోకాలు పోయింది మీకు కదా అన్నయ్యా, నాకు కాదుగా," అంటూ ఆమె లేచింది.

అమరుడి భార్య పైకి రావడం చూసి అధ్యక్షుడు పొంగిపోయాడు. తన ఉపన్యాసానికి కరిగి వచ్చిందనుకుని, తానే రెండడుగులు ఎదురెళ్లి మైకు ఆమె చేతికిచ్చాడు.