దూలాన్ని వదలని బకెట్టు

తొంభైల్లో నేను సోమల దగ్గర మా ఊళ్ళో ట్రాక్టరు తోలేవాణ్ణి. వానలు మొహం చాటేసి వరుసగా వేరుశెనగ ఎండిపోయాక దుక్కి పనులు తగ్గిపోయాయి. నా భార్యను తీసుకుని మదనపల్లె చేరి, మట్టిపనుల కాంట్రాక్టులు చేసే ఒకాయన దగ్గర పనికి కుదిరాను. అప్పటికి ఆయన ఒక చిన్న మిషను కొన్నాడు. ట్రాక్టరంతే ఉంటుంది. ముందు బకెట్టు, వెనక తవ్వే చెయ్యి. పెద్ద మిషన్లు పోలేని సందుల్లోకి కూడా దూరిపోతుంది.

దాని ముందు బకెట్టు మామూలుది కాదు. నడిమికి రెండుగా విడిపోతుంది. అందుకోసం పక్కన ఒక లివరు అదనంగా ఉంటుంది. అది కదిపితే ముందు సగం పైకి లేచి బకెట్టు నోరు తెరుస్తుంది. తెరిచిపెట్టి తోస్తే నేల చదునవుతుంది. ఎత్తిపట్టి తెరిస్తే మట్టి అడుగు నుంచే జారి లారీలో పడుతుంది. మొద్దు మీద దించి మూస్తే దాన్ని దవడలతో కరిచి పట్టుకుంటుంది. ఈ పనులన్నీ నేను కుప్పంలో నేర్చుకున్నాను. ఓనరు నన్ను అక్కడ బండలు మోసే పనికి పంపినప్పుడు, తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడే ఒక పెద్ద డ్రైవరు పక్కన నిలబడి నేర్పించాడు.

తిరిగొచ్చాక మా ఓనరు దగ్గర ఆ బకెట్టు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను. మొదట్లో అది గొప్పగా ఉండేది. తర్వాత అదే మెడకు చుట్టుకుంది. ఊళ్ళో పెళ్ళయినా, చావయినా, ఇంట్లో జ్వరమొచ్చినా నన్ను వదిలేవాడు కాదు. "నువ్వు పోతే దీన్నెవురు నడుపుతారప్పా?" అనేవాడు. తిట్టేవాడయితే తిరగబడి వెళ్ళిపోయేవాణ్ణేమో. ఆయన ఎప్పుడూ భుజం మీద చెయ్యేసే అడిగేవాడు. రెండు ఆవుల్ని కొనుక్కుని ఊరికి పోదామని నా భార్య అంటుండేది. ఈ పని అయ్యాక చెబుతా, ఆ పని అయ్యాక చెబుతా అంటూ నేను నెట్టుకొస్తున్నాను.

అలా ఉండగా పుంగనూరులో ఒక పాత మట్టికప్పు మిద్దె పడగొట్టే పని వచ్చింది. బజారు వెనక సందులో మట్టిగోడల ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మేము పడగొట్టే ఇల్లు పల్లెటూరి రైతుది. అక్కడ అంగడి కట్టుకుందామని ఆయన ఆశ. పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబు, ఆయన భార్య ఉంటారు. రెండు ఇళ్ళకీ నడుమ గోడ ఒకటే.

కూలీలు మా వైపు మిద్దె మీది మట్టి, బండలు ముందే దించేశారు. దూలాలు మాత్రం మిగిలాయి. మేస్త్రీ నడుమ గోడ మీద చెయ్యి పెట్టి చూపించాడు.

"మన దూలం ఈ గోడలో సగం దాకానే ఉంటాదప్పా. ఆ పక్క దూలం వాళ్ళది. పట్టుకుని మెల్లగా ఎనక్కి లాగితే వచ్చేస్తాది."

అందరూ అదే అనుకున్నారు. బకెట్టు ఎత్తి, నోరు తెరిచి, గోడకు దగ్గరగా దూలాన్ని కరిపించాను. భారం తెలుస్తుందని రవ్వంత పైకి లేపాను.

పక్కింట్లోంచి పెద్ద చప్పుడు వచ్చింది. నా ఎదురుగా నడుమ గోడ పైభాగం ముందుకు వంగి, కుప్పగా జారి మిషను ముందు చక్రాల మీద పడింది. దుమ్ము తగ్గాక గోడలో పెద్ద బొక్క కనిపించింది. అందులోంచి మా దూలం పక్కింటి మిద్దె కింద అవతలి గోడ దాకా పోతూ ఉంది. అది రెండు ఇళ్ళకీ కలిపి వేసిన ఒకటే దూలం. ఇప్పుడు దాని కింద గోడ లేదు. పక్కింటి మిద్దె బరువంతా ఒక కొస అవతలి గోడ మీదా, ఇంకో కొస నా బకెట్టులోనూ ఉంది.

మేస్త్రీ రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. "దించద్దప్పా! ఎత్తనూ ఎత్తద్దు! అట్లే పట్టుకో!"

పక్కింటి లోపల నుంచి ఒక ఆడమనిషి మూలుగు వినిపించింది.

సాయిబు పరుపుల అంగడిలో ఉన్నాడు. ఇంట్లో ఆయన భార్య ఒక్కతే. గోడ కదలడంతో వీధి తలుపు బిగుసుకుపోయింది. ఆమె వంటగదిలో కూలబడి ఉంది, ఒక కాలు మోకాటి దాకా మట్టిపెళ్ళల కింద ఉంది. గోడ బొక్కలోంచి నాకు ఆమె మొహం, తెల్లగా దుమ్ము పట్టిన తల కనిపిస్తున్నాయి. ఆమెకు నేను కనిపిస్తున్నాను.

"ఎవురప్పా అది?"

"మిషను డ్రైవర్నమ్మా."

"నా ఇల్లు యాల పడగొడతాండావు?"

"పడగొట్టడం లేదమ్మా, పట్టుకోనుండాను" అన్నాను.

నిజానికి అది కూడా పూర్తిగా నిజం కాదు. బకెట్టును మోసే మిషను చేతులు ఎత్తిపట్టి వదిలేస్తే, లోపల నూనె కొద్దికొద్దిగా జారి వాటంతట అవే దిగుతాయి. ఖాళీ బకెట్టయితే ఎవరూ గమనించరు. ఇంత బరువు మీద ఆ దిగడం నా కళ్ళకే తెలుస్తోంది. దిగినప్పుడల్లా లివరును గోటితో తాకినంత తాకి, దిగినంతే లేపాలి. ఎక్కువ లేపితే పైన బండలు విరిగి ఆమె మీద పడతాయి. ఇంజను ఆపకూడదు, ఆపితే లేపడానికి బలం ఉండదు. రేసు పెంచకూడదు, పెంచితే ఆ అదురుకు మిద్దె మట్టి రాలుతుంది. పక్క లివరును పొరపాటున తాకినా దవడ తెరుచుకుంటుంది. దాని వైపు మోకాలు పోకుండా కాలు వెనక్కి మడిచి పెట్టుకున్నాను. నా స్థానంలో కూర్చోగలవాడు పుంగనూరులో లేడు, మదనపల్లెలోనూ లేడు.

రైతు తల పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రీ మాత్రం కూలీల్ని తలా ఒక వైపు పరుగెత్తించాడు. ఇల్లు కట్టే చోట్ల నుంచి సెంట్రింగు కొయ్యలు, మెకానిక్ షెడ్డు నుంచి లారీ జాకీలు తెమ్మన్నాడు. నడుమ గోడ బొక్కలోంచి దూరితే మిగిలిన గోడ కూడా జారుతుందని, వంటగది వెనక సందు వైపు గోడకు మిద్దె బరువు అంతగా లేదని, అక్కడ గడ్డపారతో మెల్లగా మనిషి దూరేంత బొక్క చెయ్యాలని చెప్పాడు. అందరూ అటు పోయారు. ఇటు నేనూ, ఇంజను చప్పుడూ, ఆమే మిగిలాం.

"నువ్వు పోవద్దు నాయనా," అంది ఆమె.

"యాడికి పోతానమ్మా. నేను గూడా నీ మాదిరే ఇరుక్కోనుండాను."

కాసేపటికి ఆమె మళ్ళీ అడిగింది. "ఏదన్నా మాట్లాడు. ఊరికే ఉంటే బయమేస్తాండాది. నీదే ఊరు?"

సోమల పక్క అని చెప్పాను. ఈ పని కుప్పంలో నేర్చుకున్నానన్నాను.

"కుప్పమా! మా పుట్టిల్లు ఆడే కదా," అంది. ఆ మాటలో ఒక్క క్షణం నొప్పి వినిపించలేదు. రైల్వే స్టేషను దాటాక వాళ్ళ ఇల్లని, పెరట్లో సీతాఫలం చెట్టు ఉండేదని, రైలు కూత వినకపోతే నిద్ర పట్టేది కాదని చెప్పింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చింది మొదలు మళ్ళీ రైలెక్కలేదట. అత్త మంచం పట్టింది, తర్వాత మామ పట్టాడు, తర్వాత పరుపుల పని. "ఈ వంటింట్లోనే ముసిలిదాన్నయిపోతి. నా కూతురు ఇప్పుడు ఆ ఊర్లోనే ఉండాది. రమ్మంటాది. ఈయన ఇల్లిడిసి రాడు."

నేను లివరును తాకాను. దూలం కిర్రుమంది. ఆమె కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థన చదువుకుంది.

అప్పుడే తుంపర మొదలైంది. మట్టి మిద్దె తడిస్తే బరువెక్కుతుంది. పైకెక్కి టార్పాలిన్ కప్పుదామంటే మనిషి బరువుకు కూడా అది ఆగేలా లేదు. ఇద్దరు కూలీలు ఎదురింటి మిద్దె మీది నుంచి తాళ్ళతో టార్పాలిన్ను జరిపి కొంత మేర కప్పగలిగారు. కప్పని చోట నుంచి బురదనీళ్ళు దూలం వెంబడి కారి నా బకెట్టు అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి. పట్టు జారుతుందేమోనని నేను ఆ అంచు మీంచి చూపు తిప్పలేదు.

నా నడుము కొయ్యబారింది. మడిచిన కాలు తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది. ఒంటేలుకు పోవాల్సి వచ్చి, చాలాసేపు ఓర్చుకుని, చివరికి కూర్చున్నచోటే పోసుకున్నాను. వానలో ఎవరికీ తెలియలేదు. ఆ సమయంలో నాకు ఓనరు మీద కోపం రాలేదు. ఇన్నాళ్ళూ ఈ సీటు నుంచి దిగిపోవాలని అనుకుంటూ దిగకుండా ఉన్నది నేనే కదా అనిపించింది. ఇప్పుడు దిగడానికి దారే లేదు. ఏడుపొచ్చింది. ఆమె చూస్తోందని ఆపుకున్నాను.

మిషనులో డీజిలు ఎంతుందో చూపించే ముల్లు ఎప్పుడో పాడైపోయింది. పొద్దున ఎంత పోశానో గుర్తు చేసుకుని రైతును కేకేశాను.

"అన్నా, డీజిలు తెప్పించు. ఇంజను ఆగితే నా చేతిలో ఏమీ లేదు."

ఆయన మనిషిని పంపలేదు. తానే బంకు దాకా పరుగెత్తి డబ్బా మోసుకొచ్చాడు. ఇంజను నడుస్తుండగానే గరాటు పెట్టి పోశాడు. కంగారులో సగం నేల పాలు చేశాడు. "నా అంగడి మునిగిపోనీలే, ఆయమ్మ బతికితే సాలు" అన్నాడు. ఊరికే తల పట్టుకుని నిలబడ్డాడని అంతవరకూ ఆయన మీద నాకున్న విసుగు అక్కడితో పోయింది.

వెనక గోడలో బొక్క పడేసరికి సాయిబు వచ్చేశాడు. ఎవరు ఆపినా ఆగకుండా మొదట ఆయనే దూరాడు. భార్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మట్టిపెళ్ళలు చేత్తో తవ్వుతుంటే, మేస్త్రీ ఆయన వెనకే కొయ్యలు అందుకుని దూలం కింద ఒకటొకటిగా నిలబెట్టాడు.

ఆమె కాలు బయటికి వచ్చింది. మడమ దగ్గర విరిగి వాచిపోయి ఉంది. మోసుకుపోతుంటే నా వైపు తిరిగి, "నువ్వు గూడా దిగు నాయనా" అంది.

నేను దిగలేను. కొయ్యల కింద జాకీలు పెట్టి, తిప్పి, బరువు వాటి మీదికి మార్చేదాకా నేను కదలకూడదు. అదే అన్నిటికంటే కష్టమైన సమయం. ఆమె లేదు, మాట లేదు. లోపలి నుంచి మేస్త్రీ గొంతు మాత్రం వినిపించేది. "తాకు... సాలు. ఇంకొంచెం... ఆపు."

పొద్దు గుంకే వేళకు ఆయన బయటికొచ్చి మిషను పక్కన నిలబడ్డాడు. "ఇంక ఇడుసప్పా," అన్నాడు.

నేను విడవలేదు. మళ్ళీ చెప్పాడు. లివరు మీది వేళ్ళు తెరుచుకోలేదు. ఆయనే ఎక్కి ఒక్కో వేలూ ఊడదీసినట్టు తీశాడు. అప్పుడు పక్క లివరు కదిపాను. బకెట్టు నోరు తెరిచింది. దూలం కొయ్యల మీద నిలబడింది. ఇంజను ఆపి కిందికి కాలు పెట్టగానే బురదలో కూలబడ్డాను. ఎవరో చంకల కింద చేతులేసి లేపారు.

ఆ ఇల్లు ఇక ఉండటానికి పనికిరాలేదు. కాలు కట్టు విప్పాక ఆ దంపతులు కుప్పంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని తర్వాత రైతు చెప్పాడు. సాయిబు వెళ్ళనని చాలా రోజులు మొండికేశాడట. ఆమె చేతికర్ర పట్టుకుని బస్టాండు దాకా ముందు నడిచేసరికి ఆయన వెనక నడవక తప్పలేదట. నా సంగతి వేరేగా తేలింది. ఆ రోజు కథ చుట్టుపక్కల పాకి, నన్నే పంపమని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఓనరు మరీ గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ఆ మిషను అమ్ముకునేదాకా, ఇంకా కొన్నేళ్ళు, నేను ఆ సీటులోనే ఉన్నాను. ఆవులు ఆ తర్వాతే వచ్చాయి.

ఆ సాయంత్రం మాత్రం మిషన్ను అక్కడే వదిలేసి, తడి బట్టలతో మదనపల్లె బస్సెక్కాను. బస్సు సగం ఖాళీగా ఉంది. కండక్టరు టికెట్టు చింపి ఇస్తూ, "అన్ని సీట్లుండాయి కదప్పా, కూసో" అన్నాడు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. పై కమ్మీ పట్టుకుని, మదనపల్లె దాకా నిలబడే వెళ్ళాను.