మేడి పట్టిన మృగశిర

1964 జూన్ తొమ్మిది, మంగళవారం, పొద్దున ఆరుంబావుకు నేను నాగలి మేడి పట్టాను. సమయం ఎట్లా తెలుసంటే, మక్తల్ పోయే మొదటి బస్సు మా మెట్ట చెలక పక్కనుంచి ఆరుంబావుకే పోయేది. ఆ రోజు డ్రైవరు బస్సు ఆపి మరీ చూశాడు.

ఆదివారం రాత్రి మృగశిర వాన కురిసింది. ఎర్ర చెలకలో పదును, అంటే దుక్కికి పనికొచ్చే తడి, నాలుగు రోజులకు మించి నిలవదు. ఆలోపే దున్ని విత్తాలి. నా భర్త కూలి గుంపుతో ఆనకట్ట పనికి పోయి ఏడాదిన్నర. ఎద్దులు కొట్టంలో ఉన్నాయి, విత్తనం కుండలో ఉంది, లేనిది మగవాడు. మా ఊళ్లో ఆడది విత్తనం వేయవచ్చు, కలుపు తీయవచ్చు, కోయవచ్చు, మోయవచ్చు. మేడి మాత్రం ముట్టకూడదు. ముడితే వాన వెనక్కి పోతుందని నమ్మకం.

మా బావ, అంటే నా భర్త అన్న, కిందటేడు తన చేను దున్నుకున్నాకే మా చెలకకు వచ్చాడు. అప్పటికి పదును ఆరి మూడెకరాలూ బీడు పడ్డాయి. ఈసారి కూడా బీడు పడితే చెలక తానే చేసుకుంటానని మా అత్తతో అన్నాడు. ఆమె సరేనన్నది. ఒకసారి ఆయన నాగలి దిగితే ఆ భూమి మళ్లీ మా చేతికి రాదు. అయినా సోమవారం పోయి అడిగాను.

"ముందుగాల నా చేను పని ఒడువనీ పిల్లా. నీ మొగడు దేశాలు పట్టిపోతె నేనేం జేయాలె?" అన్నాడు.

మంగళవారం నేనే ఎద్దులు కట్టాను. విత్తనాలు ఒడిలో పోసుకుని, ఒక చేత్తో మేడి పట్టి, రెండో చేత్తో సాలులో రాల్చుకుంటూ పోయాను. మొదటి సాలు పాము పోయినట్టు పోయింది. రెండోది కొంచెం నయం. ఎనిమిదో సాలులో నాగలి కర్రు తగిలి బొటనవేలి గోరు లేచిపోయింది. అప్పుడే అత్త ఉరుక్కుంటూ వచ్చింది.

"ఓసి నీ చేతులిరుగ! ఇడువే మేడి! ఊరందరి నోట్ల మన్ను గొడ్తవా?"

"ఇడుస్త అత్తా. నువ్వు పడ్తవా?"

బావ గట్టు మీద నలుగురిని వెంటేసుకుని నిలబడ్డాడు. "సూడుండ్రిరా, మా మరదలికి మీసాలు మొలిచినయ్!"

"మీసాలతోని దున్నుతరా బావా? నాకెరుకలేక చేతులతోని దున్నుతున్న."

నలుగురిలో ఒకడు నవ్వాడు. బావ వాడి వైపు చూడగానే ఆపేశాడు.

సాయంత్రం పెద్దలు చావడిలో కూర్చుని తీర్పు చెప్పారు. నాతో ఎవరూ బదులు పనికి పోకూడదు, కమ్మరి నా కర్రు సాగగొట్టకూడదు. మొరం నేలలో కర్రు రెండు రోజుల్లో మొద్దుబారుతుంది. అది తెలిసే అన్నారు. బుధవారం మధ్యాహ్నానికి మొద్దుబారనే బారింది. కర్రు ఊడదీసి, పాత గుడ్డలో చుట్టి, నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్లు నడిచి మక్తల్ పోయాను. అక్కడి కమ్మరి "ఎవలిదమ్మా?" అన్నాడు. "నాది" అన్నాను. అతను మరో మాట అడగలేదు, కొలిమిలో పెట్టాడు.

గురువారం పొద్దు గూకేసరికి రెండున్నర ఎకరాలు విత్తాను. మిగిలిన అరెకరం ఆరిపోయింది.

తర్వాత పందొమ్మిది రోజులు చినుకు లేదు. మొలకలు వాడిపోతుంటే నన్ను చావడికి పిలిచారు. ఈ కరువు నా చేతుల వల్లేనని, దండుగ కట్టాలని అన్నారు.

నాకు చిన్నప్పటి నుంచి వానల లెక్క పెట్టుకునే అలవాటు ఉంది. "పోయినేడు మృగశిర వాన పడ్డంక మల్ల వానకు ఇరువైరెండు రోజులు వట్టింది. అంతకు ముందేడు పదిహేడు. అప్పుడు మేడి వట్టింది మీరే గదా. మీరెంత కట్టిన్రు దండుగ?" అన్నాను.

"మరదలు గాదురా, పంచాంగం!" అని ఒక ముసలాయన పడీపడీ నవ్వాడు. దండుగ మాట అక్కడ ఆగింది. వెలి ఆగలేదు. ఇరవయ్యో రోజు వాన పడింది. కలుపు ఒక్కదాన్నే తీశాను, పచ్చజొన్న ఒక్కదాన్నే కోశాను.

నా భర్త దసరాకు వచ్చి చేను చూశాడు. "నన్ను ఊర్లె తలెత్తుకోనియ్యవా?" అన్నాడు. నేను పెట్టిన జొన్నరొట్టె తిన్నాకే ఆ మాటన్నాడు, రొట్టె ఈ చేనుదే. "తల నీది, ఎత్తుకో" అన్నాను. పండుగ పోయాక మళ్లీ ఆనకట్టకు పోయాడు. మరుసటి మృగశిరకు మేడి నేనే పట్టాను, ఆ తర్వాత ముప్ఫై మృగశిరలకూ నేనే పట్టాను.

ఇప్పటికీ ఎవరైనా అధికారి వస్తే "రైతు లేడా అవ్వా?" అంటాడు. "నీ ముంగటనే నిలబడ్డది బిడ్డా" అంటాను. అతను నా వెనక్కి చూస్తాడు.

చెలక మిగిలింది. ఆ ఏడు పోయినవి ఇవి: అరెకరం పదును. కుడికాలి బొటనవేలి గోరు, మళ్లీ సరిగా రాలేదు. ఆ ఏటి బతుకమ్మ, నా పక్కన నిలబడి ఎవరూ ఆడలేదు. బావ ఇంటితో మాటలు, తొమ్మిదేళ్లు. అత్త, ఆమె బావ ఇంటికి పోయింది, చనిపోయేదాకా నా చేతి బువ్వ ముట్టలేదు.