ఎనిమిదో తుమ్ము

ఆ రోజుల్లో నాకు ఇంజనీరింగ్ మీద ఎంత నమ్మకం ఉండేదో శకునాల మీద అంతకు రెట్టింపు ఉండేది. అడిలైడ్‌లో చదువు ముగించి, అద్దె తక్కువని కొండల పక్కనున్న ఒక జర్మన్ పల్లెలో గది తీసుకున్నాను. ఎప్పుడో ఓడల్లో వచ్చిన జర్మన్లు కట్టుకున్న ఊరది. ఇరవై ఇళ్లు, ఒక చర్చి, వెనకంతా అడవి. మనుషులకంటే కంగారూలే ఎక్కువగా కనిపించేవి. ఇంటి యజమాని డెబ్బై దాటిన ఒంటరి పెద్దాయన. (అంకుల్ అని పిలిస్తే, తనకి తోబుట్టువులే లేరే అని మొదట్లో తికమకపడ్డాడు.)

వీసా గడువు ఇంకో నెల ఉందనగా సిటీలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. అది తప్పితే ఇక పెట్టె సర్దుకోవడమే. ఊరికి పొద్దున ఒక్కటే బస్సు, అదీ మా గేటు ముందే ఆగుతుంది. టై కట్టుకుని గడప దాటబోతుంటే అంకుల్ తుమ్మాడు. ఒక్కటే తుమ్ము. వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాను. బస్సు వచ్చేసిందే, ఏమైందని ఆయన కంగారుపడ్డాడు. ఒంటి తుమ్ము మంచిది కాదనీ, రెండోది పడితే దోషం పోతుందనీ వివరించాను. ఆయన నవ్వలేదు. "ఇంకొకటే కదా నీకు కావాల్సింది," అని వంటింట్లోకి వెళ్లి, మా అమ్మ పంపిన కారం డబ్బా మూత తీసి గట్టిగా పీల్చాడు.

రెండోది వచ్చింది. మూడోదీ వచ్చింది. ఆయన తుమ్మడం ఆపలేడు, నేను లెక్కపెట్టడం ఆపలేను. బల్ల పట్టుకుని మొత్తం ఏడు తుమ్మి ఆగాడు. ఏడు బేసి. డబ్బా మూత పెట్టి మళ్లీ కూర్చున్నాను (ఇది రాస్తుంటే నన్ను నేనే రెండు తన్నుకోవాలనిపిస్తోంది). హారన్ కొట్టి కొట్టి విసిగిన డ్రైవరమ్మ నేరుగా లోపలికొచ్చి, "వస్తున్నావా లేదా, మేట్?" అంది. అంతలో ఘాటు తగిలి ఇల్లదిరేలా తుమ్మింది. ఎనిమిది. ఆవిడకి థాంక్స్ చెప్పి బస్సులోకి పరుగెత్తాను. అంకుల్‌కి మంచినీళ్లయినా ఇవ్వలేదు.

ఇంటర్వ్యూలో కారం చేత్తో కన్ను నలుపుకున్నాను. సరిగ్గా అప్పుడే ఈ ఉద్యోగం ఎందుకు కావాలని అడిగారు. నా కళ్లలోంచి నీళ్లు ధారలు కట్టాయి. ఒకావిడ తన కళ్లు కూడా తుడుచుకుని టిష్యూలు అందించింది. ఉద్యోగం ఇచ్చారు.

సాయంత్రం ఆ సంగతి చెబితే, అంకుల్ ఎర్రగా ఉబ్బిన ముక్కుతో తలూపి, "అయితే పనిచేసిందన్నమాట," అన్నాడు.

ఇప్పుడు సిడ్నీలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో, మా ఇంట్లో ఎవరెన్ని తుమ్మినా ఆగకుండా ఆఫీసుకి వెళ్లిపోతాను. టై కట్టుకుని కుర్చీకి అతుక్కుపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం కుళ్లుగానూ ఉంటుంది. వాడు కూర్చుండిపోతే, వాడి కోసం తుమ్మడానికి ఒక మనిషి ఉండేవాడు.